చదివి వినిపిస్తే సరిపోతుందా? చిన్నపిల్లల మాటల మీద ఒక ప్రసంగం

(మా గ్రంథాలయంలో అంగన్‌వాడీ టీచర్లు, చిన్నపిల్లల తల్లిదండ్రుల కోసం జరిగిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్లు చాలామంది అడిగారని రికార్డింగ్ విని టైప్ చేశాం. తడబాట్లు మాత్రం తీసేశాం, మిగతాదంతా మాట్లాడినట్టే ఉంది.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కూర్చోండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. పిల్లల్ని వెంట తెచ్చుకున్నవాళ్లు టెన్షన్ పడకండి, అరిస్తే అరవనివ్వండి, ఇవాళ మాట్లాడుకునేదే వాళ్ల గురించి కదా.

బంగ్లాదేశ్‌లో జరిగిన పనితో మొదలుపెడతాను. అక్కడి పల్లెటూళ్లలో, ఇంకా బడిలో చేరని పిల్లలుండే కేంద్రాల్లో ఒక అధ్యయనం చేశారు, 2009లో అచ్చయింది. అందులో పనిచేసినవాళ్లలో ఒకరు కెనడాలోని మెక్‌గిల్ యూనివర్సిటీ ప్రొఫెసర్ ఫ్రాన్సెస్ అబౌడ్. ఆ పిల్లలకి కాస్త కష్టమైన 170 మాటలు ఏరి పెట్టుకున్నారు. కార్యక్రమానికి ముందు అడిగితే పిల్లలు వాటిలో సుమారు 26 శాతం చెప్పగలిగారు. నాలుగు వారాలు గడిచాక మళ్లీ అడిగితే 54 శాతం. నాలుగే నాలుగు వారాల్లో రెట్టింపు. సరే, కథలు చదివి వినిపించారు, మాటలు వచ్చాయి, ఇందులో వింతేముంది అంటారా? ఉంది. పోల్చి చూడడానికి ఇంకో పిల్లల గుంపుని పెట్టుకున్నారు. వాళ్లకి కూడా కథలు చదివారు. ఏ కథలు? అవే కథలు. అవే పుస్తకాలు. ఆ పిల్లల మార్కులు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి.

కథలు అవే, మరి తేడా ఎక్కడ వచ్చింది? మొదటి గుంపులో టీచరు మధ్యమధ్యలో ఆగి అడిగారు, పిల్లల చేత చెప్పించారు. రెండో గుంపుకి చదివారు, అంతే. నేను ఇవాళ చెప్పేదంతా ఈ తేడా గురించే.

అంటే ఊరికే చదివితే దండగ అని కాదండీ. అలా అనుకుని రేపట్నుంచి చదవడం మానేస్తారేమో, మానేయకండి. న్యూజిలాండ్‌లో వార్విక్ ఎలీ అనే ఆయన ఏడెనిమిదేళ్ల పిల్లలకి బడిలో కథలు చదివించి చూశాడు, 1989 నాటి మాట. ఏమీ వివరించకుండా చదివి వినిపిస్తే, కథలో ఉన్న కొత్త మాటల్లో పిల్లలు సుమారు 15 శాతం పట్టుకున్నారు. చదువుతూ చదువుతూ టీచరు ఆ మాట దగ్గర ఒక్క క్షణం ఆగి, అంటే ఫలానా అని ఒక ముక్క చెప్పినా, బొమ్మలో చూపించినా అది 40 శాతం దాకా పోయింది. ఊరికే విన్నా కొంత వస్తుంది. కాకపోతే వాళ్లు ఏడెనిమిదేళ్ల పిల్లలు, వినడం అలవాటైనవాళ్లు. మన దగ్గరున్నది మూడేళ్ల పిల్ల, రెండున్నరేళ్ల పిల్లాడు. వాళ్లని కూర్చోబెట్టి పేజీలు పేజీలు చదివితే ఏమవుతుంది? లేచి పోతారు. మనకేమో కోపం వస్తుంది, "వీడికి పుస్తకమంటే శ్రద్ధ లేదండీ" అంటాం. శ్రద్ధ లేక కాదు, వాడికి అందులో చేయడానికి పని లేదు.

ఈ పని ఇవ్వడమనేదాన్ని మొదట ఒక పద్ధతిగా పరీక్షించింది గ్రోవర్ వైట్‌హర్స్ట్, న్యూయార్క్ పక్కన లాంగ్ ఐలండ్‌లో. 1988లో అచ్చయింది. రెండేళ్లు, రెండున్నరేళ్ల పిల్లలున్న 30 దాకా కుటుంబాలు. అందరూ ఇంట్లో పిల్లలకి పుస్తకాలు చదివేవాళ్లే, అందరి ఇళ్లలోనూ చదువుతున్నప్పుడు టేప్ రికార్డరు పెట్టించారు. సగం మందికి మాత్రం ఎలా అడగాలో, ఎలా కలపాలో నేర్పించారు. ఎన్ని రోజులు నేర్పించారనుకుంటున్నారు? పెద్ద కోర్సేం కాదు, రెండే రెండు సార్లు కూర్చోబెట్టి చెప్పారు. నెల తర్వాత ఆ ఇళ్లలో పిల్లలు మాట్లాడే పరీక్షల్లో ఒకదాంట్లో 6 నెలలు, ఇంకోదాంట్లో ఎనిమిదిన్నర నెలలు ముందున్నారు. ఎవరికంటే? చదువు వినని పిల్లలకంటే కాదు, మామూలుగా చదివించుకున్న పిల్లలకంటే. తొమ్మిది నెలలాగి మళ్లీ చూస్తే తేడా తగ్గింది, కానీ పూర్తిగా పోలేదు. తగ్గిందన్నది కూడా గుర్తుపెట్టుకోండి, దాని సంగతి తర్వాత చెప్తాను.

ఇంతకీ ఏం నేర్పించారు? చేసి చూపిస్తాను. ఈ పుస్తకం వెనక వరసకి కూడా కనిపిస్తోందా? ఈ పేజీలో ఎడ్లబండి ఉంది, వాన పడింది, ఒక చక్రం బురదలో ఇరుక్కుంది, ఒకాయన వెనకనుంచి తోస్తున్నాడు. కింద రెండు వాక్యాలున్నాయి. ఆ వాక్యాల జోలికి ఇప్పుడే వెళ్లకండి. ఒళ్లో పిల్లాడున్నాడు. "ఇదేంటి నాన్నా?" అని అడిగాను. "బండి" అన్నాడు. "అవును, ఎడ్లబండి. చూడు, చక్రం బురదలో దిగబడిపోయింది." ఆగాను. "ఏదీ, బండికి ఏమైందో నువ్వు చెప్పు?" వాడు "దిగపడిపోయింది" అంటాడు. బ కి ప అన్నాడు, అననివ్వండి, దిద్దకండి.

అయిపోయింది. నాలుగు పనులు జరిగాయి ఇందులో. అడిగాను, వాడన్నది ఔనన్నాను, దానికి ఇంకో రెండు మాటలు అతికించాను, అతికించింది వాడి చేత అనిపించాను. ఇరవై సెకన్లు పట్టిందా? మూడోది ఎక్కువమంది మర్చిపోతారు. "ఇదేంటి?" "బండి." "వెరీ గుడ్!" అని పేజీ తిప్పేస్తారు. ఆ పిల్లాడికి బండి అన్న మాట నిన్నా వచ్చు, ఇవాళా వచ్చు. కొత్తగా వాడి చేతిలో ఏం పడింది? వెరీ గుడ్ పడింది. "దిగబడడం" పడలేదు.

అడగడంలోనూ రకాలున్నాయి. వాక్యం చివర మాట వదిలేసి వాడి చేత పూర్తి చేయించొచ్చు. నిన్న చదివిన కథలో ఏం జరిగిందో అడగొచ్చు. "ఈ బొమ్మలో ఏం జరుగుతోందో చెప్పు" అని వదిలేయొచ్చు, ఇది కాస్త పెద్ద పిల్లలకి, నాలుగేళ్లు వచ్చాక. ఏమిటి, ఎక్కడ, ఎందుకు అనేవి ఎలాగూ ఉన్నాయి. నాకు అన్నిటికంటే ఇష్టమైంది చివరిది, పుస్తకంలోంచి బయటికి తీసుకురావడం. "మొన్న అమ్మమ్మ వాళ్లూరు వెళ్తుంటే మన ఆటో కూడా ఇలాగే దిగబడింది కదా, అప్పుడు ఎవరు తోశారు?" చూడండి ఆ పిల్లాడి మొహం. పుస్తకంలో బండిని వదిలేసి ఆటో డ్రైవరు చెప్పులు చేతిలో పట్టుకున్న సంగతి, నాన్న ప్యాంటు మీద బురద చిందిన సంగతి మొదలుపెడతాడు. కథ పక్కదారి పట్టిందని మీరు కంగారు పడి "సరే సరే, ఇటు చూడు" అంటారు. అనకండి! వాడు పక్కదారి పట్టడమే మనకి కావాల్సింది. ఆ రోజుకి ఆ ఒక్క పేజీయే అయినా నష్టం లేదు.

ఇక్కడ కూర్చున్నవాళ్లలో ఏడు చేపల కథ తెలియనివాళ్లు ఎవరైనా ఉన్నారా? చేపా చేపా ఎందుకు ఎండలేదు? ... చూశారా, "గడ్డిమోపు అడ్డొచ్చింది" అని హాలంతా అంది, నేను అడగకుండానే. చీమ దాకా వెళ్లొద్దు, ఇంకా చాలా చెప్పాలి. ఎన్నేళ్ల కింద విన్నారు ఆ కథ? ఇప్పటికీ ఎందుకుంది? ప్రతి మెట్టు దగ్గరా ఒక ప్రశ్న, ప్రతి ప్రశ్నకీ జవాబు మీరే చెప్పాలి, మోపు, మేత, పుట్ట ఇవన్నీ మీ నోటితోనే పలికారు కాబట్టి ఉంది. మన పెద్దవాళ్లకి ఇవన్నీ ముందే తెలుసు అని గొప్పలు పోవడానికి చెప్పడం లేదు. ఎందుకంటే ఊఁ కొట్టించడం కూడా మనదే. ఊఁ కొడితే పిల్ల మేలుకునే ఉందని తెలుస్తుంది, అంతే. ఊఁ అనడంలో ఒక్క కొత్త మాటైనా నోట్లోంచి రాదు కదా? చేపల కథలో వస్తుంది.

మరి పుస్తకమే ఎందుకు, ఊరికే కబుర్లు చెప్పుకుంటే చాలదా అని అడుగుతారు. మంచి ప్రశ్నే. హేస్, ఆరెన్స్ అని ఇద్దరు 1988లో ఇంగ్లీషులో లెక్కలు తీశారు. డిగ్రీలు చదివిన పెద్దవాళ్లు స్నేహితులతో మాట్లాడుకుంటుంటే వెయ్యి మాటల్లో అరుదైనవి 17 దాకా ఉన్నాయి. బడికెళ్లే పిల్లల పుస్తకాల్లో? 31 దాకా. బడికి ముందు వయసు వాళ్ల బొమ్మల పుస్తకాల్లో 16 పైచిలుకు. అంటే మూడేళ్ల పిల్లకి తెచ్చే పుస్తకం, ఇద్దరు గ్రాడ్యుయేట్ల కబుర్లకి దాదాపు సమానం. తెలుగుకి ఈ అంకెలే వర్తిస్తాయని చెప్పను, కానీ మీ ఇంట్లోనే ఒక పూట చెవి పెట్టి వినండి. పిల్లలతో మనం అనేవి ఏంటి? రా, తిను, పడుకో, చెప్పులేసుకో, ఫోన్ అక్కడ పెట్టు. వాగు, గుబురు, తొంగిచూడడం, నక్కి కూర్చోవడం, ఇవి రోజువారీ మాటల్లో ఎన్నిసార్లొస్తాయి? పుస్తకంలో తోడేలు ఉంటే నక్కి కూర్చోక తప్పదు. కొత్త మాటలు తెచ్చేది పుస్తకం, వాటిని పిల్ల నోటికి ఎక్కించేది మీరు అడిగే ప్రశ్న.

ఇప్పుడు అందరూ విసుక్కునే విషయం. అదే కథ! రోజూ అదే కథ! అవునా కాదా? కొత్త పుస్తకం తెస్తే పక్కన పడేసి ఆ చిరిగిపోయినదే తెచ్చి ఒళ్లో పెడుతుంది. నవ్వుతున్నారంటే మీ ఇంట్లోనూ అంతేనన్నమాట. ఇంగ్లండ్‌లో ససెక్స్ యూనివర్సిటీలో జెసికా హోర్స్ట్ బృందం మూడేళ్ల పిల్లలతో దీన్ని పరీక్షించింది, 2011లో. పిల్లలకి బొత్తిగా తెలియని, కల్పించిన మాటలు కథల్లో పెట్టారు. కొందరికి అవే కథలు మళ్లీ మళ్లీ చదివారు, కొందరికి వేరు వేరు కథలు చదివారు, కానీ కొత్త మాటలు మాత్రం ఇద్దరి చెవినా సరిగ్గా అన్నేసిసార్లే పడేట్టు చూశారు. వారం తర్వాత ఎవరికి గుర్తున్నాయి? ఒకే కథ విన్నవాళ్లకి. మొదటిసారి పిల్ల కథ పట్టుకోవడానికే తంటాలు పడుతుంది, ఎవరు ఎవర్ని తిన్నారు, తర్వాతేమైంది అని. రెండోసారికి అది తెలిసిపోతుంది కాబట్టి మాట మీదకి, బొమ్మ మూలల్లో ఉన్న వాటి మీదకి చూపు పోతుంది. కాబట్టి అదే పుస్తకం తెస్తే అదే చదవండి. మీరు మాత్రం ప్రశ్న మార్చండి. ఇవాళ బండి గురించి అడిగితే రేపు ఆ తోసేవాడి గురించి అడగండి.

ఆ బృందమే తర్వాత, 2018లో, ఇంకో చిన్న సంగతి కనిపెట్టింది, నాకు చాలా నచ్చింది. పుస్తకం తెరిస్తే రెండువైపులా రెండు బొమ్మలుంటాయి కదా, మీరు చదివేది ఏ బొమ్మ గురించో చదవడం రాని పిల్లకి ఎలా తెలుస్తుంది? రెండు బొమ్మలు కనిపించినప్పటికంటే ఒక్కటే కనిపించినప్పుడు పిల్లలు దాదాపు రెట్టింపు మాటలు పట్టుకున్నారు. రెండు బొమ్మలున్నా, చదవబోయే వైపు చేత్తో ఒకసారి ఇలా నిమిరినట్టు చూపిస్తే చాలు, మళ్లీ బాగా పట్టుకున్నారు. పైసా ఖర్చు లేని పని. టీచరమ్మలూ, ఇరవైమందిని కూర్చోబెట్టి పుస్తకం పట్టుకునేటప్పుడు ఇది గుర్తుంచుకోండి. ఇంకోటి, కథ విన్నాక నిద్రపోయిన పిల్లలకి కొత్త మాటలు బాగా నిలుస్తున్నాయని కూడా వాళ్లే 2014లో చూపించారు. మన కేంద్రాల్లో భోజనం తర్వాత ఎలాగూ పడుకోబెడతాం కదా, కథని దాని ముందుకి జరపండి. ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఇప్పుడు చల్లటి నీళ్లు చల్లుతాను. ఇలాంటి సభల్లో మాట్లాడేవాళ్లు మంచి అంకెలే చెప్పి వెళ్లిపోతారు, నాకది ఇష్టం లేదు. 2019లో క్లేర్ నోబుల్ బృందం అప్పటిదాకా వచ్చిన ప్రయోగాలన్నీ పోగేసి లెక్కకట్టింది. కలిసి చదివించడం వల్ల భాషకి లాభం ఉంది, కానీ చిన్నది. అంతకంటే ఇబ్బంది పెట్టేదేమిటంటే, పోలిక గుంపుని ఊరికే వదిలేయకుండా వాళ్లకీ వేరే ఏదో పని ఇచ్చిన అధ్యయనాలు మాత్రమే తీసుకుంటే తేడా దాదాపు సున్నా. ఏం చేద్దాం మరి, పుస్తకాలు కట్టిపెట్టేద్దామా? నేను దీన్ని ఇలా అర్థం చేసుకుంటాను. ఒక పెద్ద మనిషి పిల్ల పక్కన కూర్చుని, ఫోన్ పక్కన పెట్టి, ఆ పిల్ల చూస్తున్నదాన్నే తనూ చూస్తూ మాట్లాడితే అది పుస్తకమైనా, గవ్వలైనా, చిక్కుడుకాయలు వలవడమైనా మాటలొస్తాయి. పైగా ఈ ప్రయోగాలు చాలావరకు కొన్ని వారాలవి. వైట్‌హర్స్ట్ పిల్లల్లో తేడా తొమ్మిది నెలలకి తగ్గిందని చెప్పాను కదా, నెల రోజులు చేసి ఆపేస్తే తగ్గదా? ప్రాజెక్టులాగా చేస్తే ప్రాజెక్టులాగే ముగుస్తుంది.

ఇంకో అంకె మీకు వాట్సాప్‌లో వచ్చే ఉంటుంది, పేదింటి పిల్లలు మూడు కోట్ల మాటలు తక్కువ వింటారని. అది హార్ట్, రిస్లీ అని ఇద్దరు అమెరికాలో కాన్సాస్ సిటీ ఇళ్లలో చేసిన పని, 1995లో పుస్తకంగా వచ్చింది. మొత్తం 42 కుటుంబాలు, అందులో ప్రభుత్వ సాయం మీద బతికేవి ఆరు. ఆరిళ్లు చూసి కోట్ల లెక్క! తర్వాత వేరేవాళ్లు మళ్లీ చూస్తే, చుట్టూ ఉన్న బంధువులు, అన్నదమ్ములు మాట్లాడేవి కూడా కలిపితే ఆ తేడా అలా కనిపించలేదు. కాబట్టి టీచర్లకి నా మనవి, కూలికెళ్లే తల్లిని కూర్చోబెట్టి "మీరు ఇంట్లో మాట్లాడరమ్మా, అందుకే పిల్లకి మాటలు రాలేదు" అని మాత్రం అనకండి.

అన్నట్టు మనకి ఇంకో జబ్బుంది. కథ అవ్వగానే "ఈ కథలో నీతి ఏంటి?" అని అడుగుతాం. మూడేళ్ల పిల్లని! ఆ ఒక్క ప్రశ్నతో కథంతా పరీక్షైపోతుంది. "నీకు ఎవరు నచ్చారు?" అని అడగండి, చాలు.

ప్రశ్నలు – జవాబులు

వెనక నుంచి ఒక అమ్మ అడుగుతున్నారు, మా పాపని ఇంగ్లీష్ మీడియంలో వేస్తున్నాం, ఇంట్లో తెలుగు కథలు చదివితే ఇంగ్లీషు వెనకబడదా అని. ఈ భయం ఇక్కడే కాదు, అమెరికాలో ఉన్న మనవాళ్లకి ఇంకా ఎక్కువ. కాలిఫోర్నియాలో థెరెసా రాబర్ట్స్ అనే ఆవిడ సరిగ్గా ఇదే పరీక్షించింది, 2008లో అచ్చయింది. ఇంట్లో హ్మాంగ్, స్పానిష్ మాట్లాడే పిల్లలు. బడిలో ఇంగ్లీషులో చదివే కథల పుస్తకాలనే ఇంటికి పంపారు, కొందరికి ఇంటి భాషలో, కొందరికి ఇంగ్లీషులో. చూసింది ఇంగ్లీషు మాటలు ఎన్ని వచ్చాయనే. ఇంటి భాషలో చదివించుకున్నవాళ్లు ఏమీ వెనకబడలేదు. అదీగాక తల్లీ, మీకు ధారాళంగా వచ్చిన భాషలోనే కదా మీరు కలపగలిగేది, సాగదీయగలిగేది? రాని భాషలో "వాట్ ఈజ్ దిస్" దగ్గరే ఆగిపోతాం.

అక్షరాలు కూడా వస్తాయా అని ఈ సార్ అడుగుతున్నారు. రావండీ, దానికదిగా రావు. కథ చదివేటప్పుడు పిల్లలు ఎక్కడ చూస్తారో కంటి చూపుని కొలిచే యంత్రాలతో చూశారు, చూపంతా బొమ్మల మీదే, అక్షరాల మీద బహు కొద్దిసేపు. కెనడాలో సెనెషాల్, లెఫేవర్ అని ఇద్దరు అయిదేళ్ల పాటు పిల్లల్ని వెంబడించి 2002లో చెప్పిందీ అదే. కథలు చదవడం మాటలకి తోడ్పడుతుంది, అక్షరాలు నేర్పడం అక్షరాలకి తోడ్పడుతుంది, అవి రెండు దారులు. అక్షరాలు వేరే వేళ నేర్పండి, కథ మధ్యలో "ఇది ఏ అక్షరం?" అని వేలు పెట్టకండి.

ఫోన్లో కథల యాప్ గురించి అడిగారు. నొక్కితే శబ్దాలు చేసే ఎలక్ట్రానిక్ పుస్తకాలతో తల్లిదండ్రులు పిల్లలతో ఏం మాట్లాడతారో అమెరికాలో గమనించారు. కథ గురించి తగ్గిపోయి, "అక్కడ నొక్కకు, ఇది పట్టుకో, ఆగు" అనేవి ఎక్కువయ్యాయి. అయితే తెలుగు పుస్తకాలు దొరకనివాళ్లకి ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్‌లో ఉచితంగా ఉన్నాయి, గంటలు గణగణలాడని మామూలు పేజీలే, ఫోన్లోనో ప్రింటు తీసుకునో చదవొచ్చు. కొనాలంటే మంచి పుస్తకం వాళ్లవి హైదరాబాదులో తక్కువ ధరకి దొరుకుతాయి.

చివరిది, ఈ పెద్దావిడ. నాకు చదువు రాదయ్యా, మనవరాలిని నేనే చూసుకుంటాను, నేనేం చేయను అంటున్నారు. అమ్మా, ఇందాక ఎడ్లబండి పేజీ చూపించాను కదా, అందులో నేను ఒక్క అక్షరమైనా చదివానా? చదవలేదు. దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్ పక్కన ఖయేలిత్షా అనే పేద బస్తీలో, ఏడాది దాటిన పిల్లల తల్లులకి ఎనిమిది వారాలు బొమ్మల పుస్తకాలతో ఇలాగే ఎలా మాట్లాడాలో నేర్పారు, 2015లో అచ్చయింది. ఆ పసివాళ్ల మాటలు పెరిగాయి. మీరు బొమ్మ చూసి కథ కట్టండి, మీరు కట్టిన కథ, పుస్తకంలో కథ వేరైనా అడిగేవాళ్లెవరూ లేరు. రేపు మనవరాలు బడికెళ్లి చదవడం నేర్చుకుని "అవ్వా, ఇందులో ఇలా లేదే" అంటే అప్పుడు ఇద్దరూ పోట్లాడుకోండి. పుస్తకాలు ఆ బల్ల మీద పెట్టాం, వెళ్లేటప్పుడు రెండు తీసుకెళ్లండి, లైబ్రేరియన్ గారి దగ్గర పేరు రాయించండి. చింపుతారని దాచిపెట్టకండి, చింపితే అతికించుకోవడానికి టేపు కూడా అక్కడే ఉంది.